మద్యపానము – వాహనచోదనము – శాసనము
(వార్షిక మహాసభ రెండవనాటి ఉదయమున చేసిన ఉపన్యాసము)



ఈ సభలో విద్యానిధిని గూర్చి రెండు మాటలు చెప్పుడని కార్యదర్శిగారు తొలుత మమ్ము కోరిరి. ముప్పదియైదేండ్లు బడిలో సంస్కృతాంధ్రములు బోధించినవారము గనుక అదియే మాకు తగిన పనియని వారి తలంపు. ఈ విషయమును మేమే కోరి తీసికొంటిమి. మేము న్యాయవాదులము కాము. అయినను కడచిన కొన్ని మాసములుగా కావ్యములను ప్రక్కనబెట్టి చట్టములను, తీర్పులను చదువవలసిన యగత్యము మాకు కలిగినది. ఎట్లు కలిగినదో ముందు మనవి చేయుదుము.

మన పెండ్లిపందిళ్లలో రాత్రి రెండవ జామున వినవచ్చు మాటలు కొన్ని గలవు. "ఒక్క గ్లాసుకేమవుతుంది?" యనునది మొదటిది. "గొట్టంలో ఊదకపోతే వాళ్లేం చేస్తారు?" రెండవది. "పదివేలు పారేస్తే పోతుంది" మూడవది. "స్టేషన్లో మనవాడున్నాడు" నాల్గవది. మొదటి మూడింటికి చట్టమే సమాధానము చెప్పుచున్నది. నాల్గవదానికి సమాధానము చెప్పవలసినవారము మనము.

1988వ సంవత్సరపు మోటారు వాహనముల చట్టములో 185వ సెక్షను ఈ విషయమునకు మూలము. వాహనమును నడుపుచున్నట్టి, లేక నడుప యత్నించుచున్నట్టి వాని రక్తములో నూరు మిల్లీలీటర్లకు 30 మిల్లీగ్రాములకు మించి మద్యసారమున్నట్లు శ్వాసపరీక్షా యంత్రముచేగాని, ప్రయోగశాల పరీక్షచేగాని తేలినచో అది నేరము. చట్టము పుట్టిన తొలినాళ్లలో మద్యమెంత స్వల్పమైనను నేరమేయని యుండెను. 1994లో సవరించి ఈ 30 మిల్లీగ్రాముల హద్దును పెట్టిరి. ఈ హద్దును ఒక గ్లాసనియు రెండు గ్లాసులనియు గుణించి చెప్పువారిని నమ్మరాదు. దేహభారమును బట్టి, తిన్నవాడా పస్తున్నవాడా యనుదానిని బట్టి, ఎంతసేపటి క్రిందట త్రాగినాడను దానిని బట్టి ఆ లెక్క మారును. కల్లు మందు కాదనుకొనువారు మనలో గలరు. రక్తమునకు ఆ తారతమ్యము తెలియదు. మన ద్రాక్షారిష్టాది ఔషధములందును మద్యసారము స్వయముగా పుట్టుచుండును. వానిని వైద్యుడు చెప్పిన మాత్రము పుచ్చుకొనుట వేరు, సీసా ఖాళీచేసి స్కూటరెక్కుట వేరు. అవును, స్కూటరును మోటారు వాహనమే. ట్రాక్టరును అంతే. ఈ సెక్షను కార్లున్న ధనికులకు మాత్రమే యని యొక పెద్దమనిషి మాతో వాదించినాడు గనుక ఇంత చెప్పవలసివచ్చెను.

శిక్ష యేమనగా: మొదటి తప్పునకు ఆరు మాసముల వరకు ఖైదు, లేదా పదివేల రూపాయల జరిమానా, లేదా రెండును. రెండవమారు పట్టుబడినచో రెండేండ్ల వరకు ఖైదు, లేదా పదునైదువేల జరిమానా, లేదా రెండును. 2019 సెప్టెంబరు 1వ తేదీకి పూర్వము మొదటి జరిమానా రెండువేలే. అప్పుడు మూడేండ్లలోపల మరల చేసినప్పుడే రెండవ తప్పుగా లెక్కించెడివారు; ఆ గడువును తీసివేసిరి. "పదివేలు పారేస్తే పోతుంది" యనువారు గమనింపవలసినది మరొకటి గలదు. శిరస్త్రాణము లేకున్నందుకువలె త్రోవలోనే సొమ్ము చెల్లించి రసీదు పుచ్చుకొని పోవుటకు ఈ నేరము విషయమున చట్టము వీలు కల్పింపలేదు. న్యాయస్థానమునకు పోవలసినదే. ఖైదా, జరిమానాయా యనునది న్యాయాధిపతి యిష్టము. లైసెన్సును స్వాధీనపరచుకొని రద్దునకై పంపు అధికారము 2019 నుండి పోలీసులకు గలదు.

ఇక ఊదకపోవుట. 203వ సెక్షను ప్రకారము, త్రాగినాడని అనుమానించుటకు తగిన కారణమున్నచో యూనిఫారములోనున్న పోలీసు అధికారి శ్వాస నిమ్మని యడుగవచ్చును. నిరాకరించినవానిని వారంటు లేకయే అరెస్టు చేయవచ్చును, ఆసుపత్రిలో రోగిగా పడియున్నప్పుడు తప్ప. ఆపైన వైద్యునిచేత రక్తము తీయింపవచ్చును. స్త్రీయైనచో స్త్రీ వైద్యురాలే తీయవలెను, లేదా మరియొక స్త్రీ దగ్గర నుండవలెను. రెండు పరీక్షలకును ఒప్పుకొననివాని మాట యేమి? తగిన కారణము చూపలేనిచో ఆ నిరాకరణమునే వానికి ప్రతికూలముగా భావింపవచ్చునని 205వ సెక్షను చెప్పుచున్నది. ఊదనివాడు తప్పించుకొనలేదు, తనపై తానే సాక్ష్యము చెప్పుకొన్నవాడాయెను.

అట్లని చట్టము పోలీసులకు పగ్గము లేని గుఱ్ఱమును ఇచ్చినదనుకొనరాదు. ఈ నేరమునకై అరెస్టు చేసినవానిని రెండు గంటలలోపల వైద్యపరీక్ష చేయింపవలెను, చేయింపనిచో విడిచిపెట్టవలెను. ఇది 202వ సెక్షనులోనే యున్నది. బండి మాటకు వత్తము. త్రాగి నడపినాడను కారణముననే బండిని పట్టుకొని ఉంచుకొనరాదనియు, త్రాగనివాడు లైసెన్సు గలవాడు వెంటనున్నచో వానికే అప్పగింపవలెననియు, లేనిచో బంధువులను పిలిపింపవలెననియు తెలంగాణ హైకోర్టు 2021లో చెప్పినది. అది ఆంధ్రప్రదేశ్ హైకోర్టు తీర్పు కాదని అక్కడి మనవారు గుర్తుంచుకొనవలెను.

1971లో సుప్రీంకోర్టు చెప్పిన మాట యొకటి గలదు. ఒక ప్రమాదమునకు సంబంధించిన వ్యాజ్యమది. నడపినవాని నోట మద్యపు వాసన యున్నది, నడక తడబడుచున్నది, కనుపాపలు విప్పారియున్నవి. కాని రక్తమునుగాని మూత్రమునుగాని పరీక్షింపలేదు. ఆ చిహ్నములు మాత్రమే చాలవనియు, త్రాగి నడపినాడని వానిని బట్టి నిశ్చయింపరాదనియు న్యాయస్థానము చెప్పినది. ఈ తీర్పును మీరు మనస్సునందుంచుకొనుడు. దీనితో మాకు పని యున్నది.

ఇన్‌స్యూరెన్సును గూర్చి క్లుప్తముగా. త్రాగి నడపి కారు చితుకగొట్టుకొన్నవాడు తన కారునకు సొమ్ము రాబట్టుకొనుట దుర్ఘటము. 2021 ఏప్రిలులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పులో శ్వాసపరీక్షగాని రక్తపరీక్షగాని లేకున్నను, త్రాగినట్లు ఇతర విధముల నిరూపించుటకు కంపెనీకి అడ్డులేదన్నారు. శిక్షకు చాలని సాక్ష్యము సొమ్ము నిరాకరించుటకు చాలవచ్చునన్నమాట. ఇక దెబ్బతిన్న మూడవవాని మాట. వానికి కంపెనీ ముందు చెల్లించి, పిదప ఆ మొత్తమును బండి యజమానివద్ద రాబట్టుకొనునట్లు తీర్పులు వచ్చుచున్నవి. అమ్ముకొనవలసినది ఎవరి పొలమో ఆలోచింపుడు.

మరణము సంభవించినచో ప్రశ్న మారును. అజాగ్రత్తచే కలిగిన మరణమా, మరణము కలుగునని యెఱిగియు చేసిన పనియా యను విచారము వచ్చును. 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ న్యాయ సంహితలో మొదటిదానికి 106వ సెక్షను, ఐదేండ్ల వరకు ఖైదు. రెండవదానికి 105వ సెక్షను, పదేండ్ల వరకు. 2006 నవంబరు 12 తెల్లవారుజామున ముంబయి కార్టర్ రోడ్డున కాలిబాటపై పండుకొన్న కూలీలమీదికి ఒక కారు ఎక్కగా ఏడుగురు మరణించిరి, ఎనమండుగురు గాయపడిరి. నడపినవాని రక్తములో మద్యసారము 0.112 శాతము, అనగా హద్దునకు సుమారు నాలుగు రెట్లు. క్రింది కోర్టు దానిని అజాగ్రత్తయని ఆరుమాసములు వేసినది. హైకోర్టు, ఎఱిగి చేసినదేయని మూడేండ్లు వేసినది. 2012లో సుప్రీంకోర్టు హైకోర్టు తీర్పునే స్థిరపరచినది. ఢిల్లీ లోధీ రోడ్డున 1999 జనవరి 10న ఆరుగురు మరణించిన వ్యాజ్యములోను 2012లోనే అట్లే చెప్పిరి. మన హైదరాబాదు పంజగుట్టలో 2016 జూలై 1న త్రాగిన విద్యార్థుల కారు మరొక కారుమీద పడగా ఒక బాలికయు, ఆమె కుటుంబములోని పెద్దలిద్దరును ప్రాణములు కోల్పోయిరి. ఆ పాప చిత్రమును పత్రికలలో చూచినవారు ఈ సభలో ననేకులుందురు.

"త్రాగియుంటిని, నాకు తెలియలేదు" అనుట రక్షణము కాదా యని యొకరడిగిరి. ఎవరైన బలవంతముగనో మోసముగనో త్రాగించినప్పుడు తప్ప కాదు. ఇందుకు సుప్రీంకోర్టు 1956లో ఇచ్చిన తీర్పు నేటికిని ప్రమాణము. అదియు ఒక పెండ్లిలో జరిగినదే. నాటి పెప్సూ రాష్ట్రములో 1954 మార్చిలో, పెండ్లికూతురి యింట మధ్యాహ్న భోజనమునకు కూర్చుండునెడ, పదవీవిరమణ చేసిన యొక జమాదారు బాగుగ త్రాగియుండి, తనకు కూర్చుండ అనువుగా కొంచెము జరుగుమని పదునైదు పదునాఱేండ్ల బాలుని అడిగెను. బాలుడు కదలలేదు. పిస్తోలు తీసి కడుపులో కాల్చెను. త్రాగినవానికిని తెలివిలోనున్నవానికున్న జ్ఞానమే యున్నట్లు చట్టము భావించుననియు, తనంతట లోపలికి వచ్చి తుపాకి తీయగలిగినవాడు ఉద్దేశము లేనివాడు కాడనియు చెప్పి యావజ్జీవ శిక్షను నిలిపిరి. భోజనపంక్తిలో ఒక జానెడు చోటునకై!

ఇంతవరకు చెప్పినది త్రాగి నడపినవానిని గూర్చి. వానికి తాళపుచెవి ఇచ్చినవాడు, వానిచెంత కూర్చున్నవాడు ఏమి కావలెను? నేటి చట్టములో 188వ సెక్షను గలదు: ఈ నేరమునకు ప్రేరేపించి తోడ్పడినవానికిని అదే శిక్ష. కేవలము కూర్చున్నవానిని గూర్చి చట్టము మౌనము వహించినది. మా పూర్వులు ఈ విషయమున మరికొంత దూరము పోయిరి. మనుస్మృతి అష్టమాధ్యాయములో రథము వలన కలుగు హానిని గూర్చి కొన్ని శ్లోకములున్నవి. మనువు చెప్పిన దండనములలోని జాతిభేదములు మాకు రుచింపవు. ఈ శ్లోకములలో ఆ భేదము లేదు గనుక చెప్పుచున్నాము. ముక్కుత్రాడు తెగినను, కాడి విరిగినను, ఇరుసు విరిగినను, తొలగుడని కేకవేసినను, ఇట్లు పది సందర్భములలో చోదకునకు తప్పులేదు. చోదకుని చేతగానితనమున హాని కలిగెనా, అట్టివానిని పెట్టుకొన్న యజమానికి రెండువందల పణముల దండుగ. చోదకుడు సమర్థుడైనచో దండుగ వానిదే. అసమర్థుడైనచో ఆ రథములో కూర్చున్నవారందఱికిని తలకు నూరు పణములు. ఎందుకు కూర్చుంటివని ప్రశ్న. ఈ శ్లోకమును మేము యౌవనమున చదివితిమి. కడచిన మాఘమాసమునకు గాని అర్థము తెలియలేదు.

ఆ వ్యాజ్యము న్యాయస్థానమునందున్నది గనుక ఊరి పేరును, మనుష్యుల పేర్లును చెప్పము.

మన బంధువర్గములోనే యొక పెండ్లి. అప్పగింతలు ముగియునప్పటికి తెల్లవారుజాము నాలుగు గంటలు. మమ్ము ఇల్లు చేర్చుటకు ఒక కారు పెట్టిరి. నడుపుటకు వచ్చినవాడు మావద్ద ఆరేండ్లు చదివిన కుఱ్ఱవాడు, వినయవంతుడు. తలుపు తీసి పట్టుకొన్నప్పుడు వాని నోటి వాసన మాకు తెలిసినది. తెలిసియు ఎక్కితిమి. శుభము జరిగిన యింట పదిమందిలో ఆ మాట యనుట మర్యాద కాదనుకొంటిమి. వెనుక మరియిద్దరు పెద్దలు కూర్చుండిరి. వారికిని తెలియును. ఎవరమును నోరు మెదపలేదు.

ఐదారు కిలోమీటర్లు పోయినపిమ్మట ఒక మలుపులో కారు కుడిప్రక్కకు పోయి, సైకిలునకు పాలడబ్బాలు తగిలించుకొని వచ్చుచున్న యొకనిని కొట్టినది. పాలు తారురోడ్డుపై పారి మా చెప్పులు తడిసినవి. 108 బండి వచ్చునంతవరకు వాని తల మా యొడిలోనే యున్నది. ప్రాణము దక్కినది. ఎడమకాలు మోకాటి క్రిందికి తీసివేసిరి.

108 బండికంటె ముందే పెండ్లివారింటినుండి మరొక కారు వచ్చినది. అది కుఱ్ఱవానిని ఎక్కించుకొనిపోవుటకు వచ్చినది. దెబ్బతిన్నవానికి వైద్యసహాయము చేయించుటయు, పోలీసులకు తెలుపుటయు నడపినవాని విధియని 134వ సెక్షను చెప్పుచున్నదని మాకప్పుడు తెలియదు. తెలిసినను ఆపియుందుమా యని నేడు ప్రశ్నించుకొనుచున్నాము. ఆ యుదయమే ఒక పెద్దమనిషి మా చేయి పట్టుకొని, "మేష్టరుగారూ, కుర్రాడి జీవితం మీ చేతిలో ఉంది. నడిపింది మన డ్రైవరని ఒక్క మాట అనండి చాలు. వాడి సంగతి మేం చూసుకుంటాం" అనిరి. డ్రైవరనగా వారింట జీతమునకున్నవాడు. ఆ రాత్రి పందిటిలో వంటపాత్రలు మోయుచుండెను. మేము ఔననలేదు. కాదననులేదు. తల తిరుగుచున్నదని చెప్పి యింటికి వచ్చి పండుకొంటిమి.

ఒక పగలు, ఒక రాత్రి గడచెను. మఱునాటి యుదయమున ఆ డ్రైవరు భార్య మా యింటికి వచ్చినది. అరుగుమీద కూర్చుండుమన్నను కూర్చుండలేదు. "మేష్టరుగారండీ, మీరు ముందు సీట్లో ఉన్నారంట గదండీ. మా ఆయన ఆ కార్లో ఉన్నాడాండీ?" యని యడిగినది. ముప్పదియైదేండ్లలో ఏ తనిఖీ అధికారియు మమ్మట్లు నిలువబెట్టలేదు.

ఆ సాయంకాలము స్టేషనుకు పోయి జరిగినది జరిగినట్లు వాఙ్మూలమిచ్చితిమి. కుఱ్ఱవానిని పిలిపించి రక్తము తీసిరి. ముప్పదియాఱు గంటలు దాటిన పిమ్మట రక్తములో నేమి మిగులును? ఏమియు లేదని వచ్చెను. కావున అజాగ్రత్తగా నడపుట, దానివలన తీవ్రగాయము కలిగించుట యను రెండు నేరములే నిలిచినవి. త్రాగినాడనుటకు మిగిలిన సాక్ష్యము మా ముక్కు మాత్రమే. వాసన చాలదని 1971లో సుప్రీంకోర్టు చెప్పినదని ఇంతకు ముందు మనవి చేసితిమి గదా! మేము ఆ యుదయముననే నోరు తెరచియుండిన రక్తము పలికెడిది.

తీవ్రగాయమునకు న్యాయసంహిత 125వ సెక్షనులో మూడేండ్ల వరకు ఖైదు, లేదా పదివేల వరకు జరిమానా, లేదా రెండును. కోర్టులో అబద్ధపు సాక్ష్యము చెప్పినవానికి 229వ సెక్షనులో ఏడేండ్ల వరకు ఖైదు. నేరగానిని కాపాడుటకై తప్పుడు సమాచారమిచ్చుట 238వ సెక్షనులోని వేరొక నేరము. కుఱ్ఱవానిని మూడేండ్లనుండి తప్పింపబోయి, ఒక పేద డ్రైవరును, ఒక ముసలి మేష్టరును, ముగ్గురు పెద్దలను ఏడేండ్ల గోతిలోనికి దింపుచుంటిమి. ఇది మన యింటి వింత మాత్రమే కాదు. 2024 మే 19న పూనా నగరమున ఒక బాలుడు నడపిన కారు క్రింద ఇద్దరు యువ ఇంజనీర్లు మరణించినపుడు, రక్తపు నమూనాను మార్చిరను ఆరోపణపై వైద్యులు అరెస్టయిరి. నేరమును నెత్తిన వేసికొమ్మని ఇంటి డ్రైవరును నిర్బంధించిరను ఆరోపణపై బాలుని పెద్దలును అరెస్టయిరి. అక్కడను మొదటి తప్పు బాలునిది. తరువాతివని చెప్పబడుచున్నవన్నియు పెద్దలవి.

మా వాఙ్మూలము తరువాత కొన్ని యిండ్లనుండి శుభలేఖలు రావడము మానినవి. దానిని గూర్చి మాకు విచారము లేదు. ఈ వయస్సున పిండివంటలు తగ్గుట ఆరోగ్యమే. కాని వైశాఖమాసమున ఒకనాటి సంధ్యవేళ ఆ కుఱ్ఱవాడు తానై మా యింటికి వచ్చెను. తిట్టునేమో యనుకొంటిమి. పాదములకు మ్రొక్కి, చాలసేపు నేలచూపులు చూచి, "మీరు చెప్పింది నిజమే మాస్టారూ. అదే మాట కారెక్కేముందు చెప్పివుంటే నేను దిగిపోయేవాణ్ణి" అనెను. మేము బదులు చెప్పలేకపోతిమి.

ఇక మనము చేయగలిగినది. మన సంఘ కల్యాణమండపమును అద్దెకిచ్చు పత్రములో ఒక షరతు చేర్పవలెనని తీర్మానము వ్రాసి కార్యదర్శిగారి చేతికిచ్చితిమి. రాత్రి ముహూర్తములున్నప్పుడు మద్యము ముట్టని డ్రైవర్లను ఇద్దరిని సంఘమే కూలికి పెట్టవలెను. వాని ఖర్చు పెండ్లివారిది. త్రాగినవారి తాళపుచెవులు మండపము గుమాస్తా పుచ్చుకొని చీటీ యిచ్చి, మఱునాడు తిరిగి యీయవలెను. ఎంతటి పోషకుడైనను సరే. గుమాస్తా పేదవాడు, పోషకునెదుట చేయి చాపలేడని మాకు తెలియును; కావున ఆ బల్లవద్ద కార్యవర్గ సభ్యుడొకడు కూర్చుండవలెనని కూడ వ్రాసితిమి. ఇట్టి వ్యాజ్యములలో ఎవరిని గూర్చియు సంఘము పేరుతో సిఫారసు ఉత్తరము వ్రాయరాదు. ఈ చివరి వాక్యమును కొట్టివేయుమని ఇప్పటికే ఇద్దరు మాతో చెప్పిరి. కొట్టివేయలేదు. ఈ మధ్యాహ్నము ఓటునకు వచ్చును.

పాలవానికి కృత్రిమపాదము అమర్చినారు. సైకిలు త్రొక్కలేడు గనుక అతని కొడుకు చదువు మానకుండ ఎవరైన పాలు పోయవలసియున్నది. కారులో చోదకుడు గాక ముగ్గురము కూర్చుంటిమని చెప్పితిమి. మనువు తలకు నూరు పణములన్నాడు. ఈ కాలపు లెక్కకు దానిని మాకు తోచినట్లు మార్చి, మా వంతు వాని యింటికి పంపితిమి. తక్కిన రెండు వంతులు ఇంకను రావలసియున్నవి. ఆ యిద్దరును ఈ సభలోనే యున్నారు.